కోపం వచ్చినవాడూ కోపిష్టీ ఒకటి కాదు

తెలుగు కొత్తగా నేర్చుకుంటున్న ఒక అమ్మాయి తన బాబాయికి ఫోనులో ఇలా సందేశం పంపిందనుకుందాం: ‘బాబాయ్, నాన్న ఇవాళ కోపిష్టిగా ఉన్నారు.’ బాబాయికి విషయం అర్థమవుతుంది. అయినా పంటి కింద రాయి తగిలినట్టు ఉంటుంది. అక్షరదోషం లేదు, క్రియ సరిగ్గానే ఉంది, నాన్నకు ఇవ్వవలసిన గౌరవమూ ఇచ్చింది. నిఘంటువు తెరిచినా ‘కోపిష్టి’ అంటే కోపం గలవాడు అనే ఉంటుంది. మరి వాక్యం ఎందుకు నప్పలేదు?

అమ్మాయి చెప్పదలచుకున్నది ఇవాళ్టి సంగతి. ‘కోపిష్టి’ అన్న మాట మాత్రం ఆ తండ్రి పుట్టుబుద్ధి గురించి మాట్లాడుతోంది. ఇంగ్లిషులో ఈ రెండు పనులూ ఒకే విశేషణంతో చాలాసార్లు నడిచిపోతాయి. తెలుగులో నడవవు. మనిషికి వచ్చిన కోపాన్నీ, మనిషిలో ఉన్న కోపాన్నీ మన భాష వేరువేరు అరల్లో పెట్టింది. ఫోనులో అనువాదం చేసి పెట్టే సదుపాయాలు ఒక ఇంగ్లిష్ మాటకు ఒక తెలుగు మాటను అందిస్తాయి కానీ, ఆ మాట ఏ అరలోదో చెప్పవు. అందుకే ‘కోపమైన మనిషి’, ‘కోపిష్టి చూపు’ వంటి మాటలు ఈమధ్య తరచుగా కంటబడుతున్నాయి. వీటిలో ఏది ఎందుకు పొసగదో చూడాలంటే అసలు తెలుగులో కోపం ఎలా నడుస్తుందో ముందు చూడాలి.

వచ్చే కోపం, తెచ్చుకునే కోపం, తెప్పించే కోపం

మన వాక్యాల్లో కోపం వస్తుంది, పెరుగుతుంది, తగ్గుతుంది, చల్లారుతుంది, పోతుంది. ‘నాకు కోపం వచ్చింది’ అన్నప్పుడు వాక్యంలో కర్త కోపమే, నేను కాదు. అది ఎక్కడికి వచ్చిందో చెప్పడానికి మాత్రమే ‘నాకు’ ఉంది. ఆకలి వేసింది, జ్వరం వచ్చింది, నిద్ర పట్టింది, భయం వేసింది. మన ప్రమేయం లేకుండా ఒంటికీ మనసుకూ జరిగే వాటిని తెలుగు ఈ అచ్చులోనే పోస్తుంది.

ప్రమేయం ఉందనుకుంటే క్రియ మారుతుంది. ‘ఎందుకంత కోపం తెచ్చుకుంటారు?’ అంటాం. రావడం దానంతట అది జరిగేది, తెచ్చుకోవడం మనం చేసే పని. మూడోది ‘నాకు కోపం తెప్పించకు’. ఇక్కడ కోపం నాకే వస్తుంది, బాధ్యత మాత్రం నీది. ఒక ఇంట్లో జరిగే గొడవను శ్రద్ధగా వింటే ఈ మూడు క్రియలూ ఎంత నిక్కచ్చిగా పంచుకుని పనిచేస్తాయో తెలుస్తుంది. తన గురించి చెప్పుకునేటప్పుడు ‘కోపం వచ్చింది’ అన్న మనిషే ఎదుటివారి గురించి ‘కోపం తెచ్చుకున్నారు’ అంటాడు. అదే కోపం, అదే గది. ఎవరి తప్పు అన్న లెక్క క్రియలోనే తేలిపోతుంది.

ఇవన్నీ ఒక సంఘటనను చెప్పే వాక్యాలు. స్వభావాన్ని చెప్పే వాక్యాల్లో రాకపోకలు ఉండవు: ‘ఆయనకు కోపం ఎక్కువ’, ‘ఆయన కోపిష్టి’, ‘ఆవిడకు ముక్కు మీదే కోపం’. ఏ వాక్యం ఏ అరలోదో తేల్చుకోవడానికి ‘ఇవాళ’ అన్న మాట చేర్చి చూడవచ్చు. ‘నాన్నకు ఇవాళ కోపం వచ్చింది’ హాయిగా ఉంది. ‘నాన్న ఇవాళ కోపంగా ఉన్నారు’ కూడా బాగుంది. ‘నాన్న ఇవాళ కోపిష్టి’ కుదరదు, ‘నాన్న ఇవాళ పొడుగరి’ ఎలా కుదరదో అలాగే.

అలాగని ‘కోపిష్టిగా ఉండు’ అన్న ప్రయోగమే తప్పని కాదు. ‘కుర్రతనంలో చాలా కోపిష్టిగా ఉండేవాడు, పిల్లలు పుట్టాక మారాడు’ అనే వాక్యంలో దోషమేమీ లేదు. ‘ఉద్యోగ విరమణ తరవాత మరీ కోపిష్టి అయిపోయారు’ అన్నా సరే. స్వభావానికీ కాలం ఉంటుంది, కాకపోతే అది ఏళ్ళతో కొలిచే కాలం. కుర్రతనం, ఉద్యోగ విరమణ వంటి పెద్ద ఘట్టాలు ‘కోపిష్టి’కి సరిపోతాయి. ఒక పూట సరిపోదు.

లోపలి నుంచి చూస్తే ‘నాకు’, బయటి నుంచి చూస్తే ‘నేను’

‘కోపంగా’ అన్న మాటలోనూ ఒక మెలిక ఉంది. ‘నాకు కోపంగా ఉంది’ అనీ అంటాం, ‘నేను కోపంగా ఉన్నాను’ అనీ అంటాం. మొదటిది అనుభవం. నా లోపల ఏం జరుగుతోందో చెబుతోంది, అది ముఖం మీద కనపడవచ్చు, కనపడకపోవచ్చు. రెండోదానిలో కోపం నా తీరులోకి వచ్చేసింది. ‘నేనిప్పుడు కోపంగా ఉన్నాను, తరవాత మాట్లాడదాం’ అన్నప్పుడు నన్ను కదిలిస్తే ఏమవుతుందో కూడా చెబుతున్నాను.

ఇతరుల గురించి మాట్లాడేటప్పుడు ఈ తేడా ఇంకా బయటపడుతుంది. ‘అక్కయ్య కోపంగా ఉంది’ అని చూసినవాళ్ళెవరైనా చెప్పవచ్చు, ముఖం చూస్తే చాలు. ‘అక్కయ్యకు కోపంగా ఉంది’ అనాలంటే అక్కయ్య చెప్పి ఉండాలి, లేదా ఆమె మనసు తెలిసినంత దగ్గరి మనిషై ఉండాలి. చిరాకు, విసుగు, బెంగ కూడా ఇదే దారిలో నడుస్తాయి. ‘నాకు చిరాగ్గా ఉంది’ నా బాధ, ‘ఆయన చిరాగ్గా ఉన్నారు’ చుట్టూ ఉన్నవాళ్ళకు హెచ్చరిక.

‘కోపంగా’, ‘కోపంతో’ అన్న జంటలోనూ ఇదే వరస. ‘కోపంగా చూశాడు’ అంటే చూపు ఎలా ఉందో చెప్పినట్టు. ‘కోపంతో వణికిపోయాడు’ అంటే వణుకుకు కారణం చెప్పినట్టు. ‘కోపంగా వణికిపోయాడు’ అని ఎవరూ అనరు, ఎందుకంటే వణుకు మనం ఒక తీరులో చేసే పని కాదు. ఇంకొకటి ‘కోపంలో’. ‘ఏదో కోపంలో అనేశాను, మనసులో పెట్టుకోకండి’ అన్నప్పుడు కోపం ఒక చోటులాంటిది అయిపోయింది. అందులో ఉన్నప్పుడు జరిగినదానికి ఇప్పుడు బయటికి వచ్చిన నేను క్షమాపణ కోరుతున్నాను.

‘కోపిష్టి’ విశేషణమా, నామవాచకమా?

‘కోపిష్టి మనిషి’ అన్నప్పుడు ఈ మాట విశేషణంగా పనిచేస్తోంది. ‘ఆ కోపిష్టితో వేగలేం’ అన్నప్పుడు విభక్తి చేరి పూర్తి నామవాచకం అయిపోయింది. కొత్త, చెడ్డ, నల్ల వంటి అచ్చమైన విశేషణాలు ఇలా నేరుగా విభక్తిని తీసుకోవు, ‘కొత్తవాడితో’, ‘చెడ్డవాడికి’ అనవలసి వస్తుంది. దీన్నిబట్టి ‘కోపిష్టి’ మౌలికంగా నామవాచకమేనని, మరో నామం ముందు నిలబడినప్పుడు విశేషణం పని చేస్తుందని ఒక వాదం. వాక్యంలో చేసే పనిని బట్టే పేరు పెట్టాలి కనుక ‘కోపిష్టి మనిషి’లో అది విశేషణమేనని మరో వాదం. రెండిటికీ ఆధారం ఉంది. నాకు మొదటి వాదం ఎక్కువ పనికొచ్చేదిగా తోస్తుంది, ఎందుకంటే వాక్యం చివర ఈ మాట ఎలా మారుతుందో అది వివరిస్తుంది.

నామవాచకం కాబట్టే చివర పురుషను సూచించే ప్రత్యయం చేరుతుంది: నేను కోపిష్టిని, నువ్వు కోపిష్టివి, మేము కోపిష్టులం. వ్యతిరేకంలో ‘నేను కోపిష్టిని కాను’, ‘నువ్వు కోపిష్టివి కావు’, ‘ఆయన కోపిష్టి కాదు’. మాటల్లో ‘నేను కోపిష్టి’ అని వినిపిస్తుంది కానీ, రాతలో అది అసంపూర్ణంగా ఉంటుంది. నేర్చుకునేవారిని ఇక్కడ ఇబ్బంది పెట్టేది ఆ ‘ని’. ‘ఆ కోపిష్టిని ఎవరు భరిస్తారు?’ అన్న వాక్యంలో ఉన్నది ద్వితీయా విభక్తి. ‘నేను కోపిష్టిని’లో ఉన్నది ‘నేను’కు తోడుగా వచ్చిన ప్రత్యయం. చూపుకు కవలలు, పనిలో ఏ సంబంధమూ లేదు.

ఈ మాటలో ఒక సౌకర్యం ఉంది. తెలుగులో గుణాన్ని చెప్పే మాటలు చాలావరకు ఆడ, మగ తేడా చూపిస్తాయి: బుద్ధిమంతుడు, బుద్ధిమంతురాలు, గర్విష్ఠుడు, గర్విష్ఠురాలు. కోపిష్టికి ఆ బెడద లేదు. అన్నయ్య కోపిష్టి, వదిన కోపిష్టి, ఇద్దరూ కోపిష్టులే. ముక్కోపి కూడా అంతే. కోపి, క్రోధి అన్న సంస్కృత పదాల్లో చివర ఉన్న ‘ఇ’ ఒక గుణం గలవారిని చెబుతుంది. రోగి, త్యాగి, భోగి అన్న మాటలూ ఈ కోవలోవే. తెలుగు వాడుకలో ఇవి ఎవరికైనా సరిపోతాయి. ‘క్రోధి’ని రోజువారీ మాటల్లో ఎవరూ వాడరు గానీ పంచాంగం ద్వారా అందరికీ తెలుసు. 2024 ఉగాదితో మొదలైనది క్రోధి నామ సంవత్సరం. అరవై సంవత్సరాల వరసలో రౌద్రి, క్రోధన అనే పేర్లు కూడా ఉన్నాయి. ఏడాదికి కోపిష్టి అని పేరు పెట్టడం మనకు వింతగా తోచదు కానీ, ‘మా మామయ్య క్రోధి’ అంటే మాత్రం పురాణం చదువుతున్నట్టు ఉంటుంది.

‘కోపమైన మనిషి’ చెవికి ఎందుకు ఎక్కదు?

అందమైన మనిషి, బలమైన మనిషి అన్నప్పుడు లేని ఇబ్బంది ‘కోపమైన మనిషి’ అన్నప్పుడు ఎందుకు? మూడింటిలోనూ చేసినది ఒకటే, నామవాచకానికి ‘ఐన’ చేర్చడం.

పక్కనే ఉన్న మాటలను పరీక్షిస్తే దారి దొరుకుతుంది. ‘సంతోషమైన వార్త’ అంటాం, ‘సంతోషమైన మనిషి’ అనం. ‘బాధ అయిన మనిషి’, ‘భయమైన పిల్లవాడు’ అని కూడా అనం. అందం, బలం మనిషికి అంటిపెట్టుకుని ఉండే లక్షణాలు, మనిషికీ వాటికీ మధ్య ‘ఐన’ వారధి నిలబడుతుంది. సంతోషం, భయం, కోపం మనిషికి వచ్చేవి, కలిగేవి. వచ్చిపోయేదాన్ని ‘ఐన’తో మనిషికి కట్టేయబోతే ముడి పడదు. ‘వాడుకే భాషకు ప్రమాణం, పదిమంది అనడం మొదలుపెడితే రేపు ఇదీ చెల్లుతుంది’ అనేవారున్నారు. అది కొట్టిపారేయవలసిన మాట కాదు, భాషలో ఎన్నో మాటలు అలాగే స్థిరపడ్డాయి. కానీ ‘కోపమైన’ తీర్చే లోటేదీ ఇక్కడ లేదు. దాని బదులు మన దగ్గర ఇప్పటికే నాలుగైదు రూపాలున్నాయి, ఒక్కొక్కదానికి ఒక్కో అర్థం ఉంది.

ఒకే వాక్యంలో వాటిని మార్చి మార్చి పెట్టి చూద్దాం. ‘కోపం వచ్చిన మనిషితో వాదించకు’ అంటే ఇప్పుడే ఏదో జరిగింది, కాసేపు ఆగమని. ‘కోపంగా ఉన్న మనిషితో వాదించకు’ అంటే ముఖం చూస్తేనే తెలుస్తోంది కదా అని. ‘నీ మీద కోపం ఉన్న మనిషితో వాదించకు’ అంటే పాత సంగతేదో మనసులో ఉంది, అది ఈ వాదంతో మొదలైనదీ కాదు, ముగిసేదీ కాదు. ‘కోపిష్టి మనిషితో వాదించకు’ అంటే ఎప్పుడూ వాదించవద్దని. ‘కోపమైన మనిషి’ అని రాసినవారు ఈ నాలుగింటిలో ఏది చెప్పదలచుకున్నారో చదివేవారే ఊహించుకోవాలి.

మరి చూపుకూ మాటకూ ఏం వాడాలి? ‘కోపిష్టి చూపు’ కుదరదు, కోపిష్టి అనేది ప్రాణమున్న మనిషికే చెల్లుతుంది. ఇక్కడ పనికొచ్చేది ‘కోపపు’. బడిలో పుంప్వాదేశ సంధి అని నేర్చుకున్నది ఇదే: సరసము, మాట కలిసి సరసపు మాట అయినట్టు, కోపము, చూపు కలిసి కోపపు చూపు. కోపపు మాట, కోపపు గొంతు కూడా అంతే. ఇంత చక్కని విశేషణ రూపం చేతిలో ఉండి కూడా అది రాతలో అరుదైపోవడం నాకు బాధగా ఉంటుంది. ఉత్తరం వంటి వస్తువులకు అదీ అంతగా నప్పదు, ‘కోపంతో రాసిన ఉత్తరం’ అంటే సరిపోతుంది. ఉత్తరానికి కోపం రాదు, రాసినవారికే వస్తుంది.

ముక్కోపికీ కోపిష్టికీ మధ్య పది నిమిషాలు

ఈ రెండు మాటలనూ పర్యాయపదాలుగా వాడేస్తుంటారు. నిజానికి రెండిటి కొలమానాలు వేరు. కోపిష్టిలో కోపం ఎంత తరచుగా, ఎంత బరువుగా వస్తుందన్నది ముఖ్యం. ముక్కోపిలో ఎంత వేగంగా వస్తుందన్నది ముఖ్యం.

ఒకే కార్యాలయంలో ఇద్దరు పైఅధికారులు ఉన్నారనుకుందాం. ఒక కాగితం రావడం ఆలస్యమైంది. మొదటాయన మీరు గుమ్మంలో ఉండగానే, ‘అది కాదండీ’ అన్న మాట పూర్తి కాకముందే అంత ఎత్తున లేస్తారు. పది నిమిషాల తరవాత పిలిచి అదే కాగితం గురించి మామూలుగా మాట్లాడతారు, అరిచిన సంగతి ఆయనకే గుర్తుండదు. రెండో ఆయన మీరు చెప్పినదంతా వింటారు. ఆ తరవాత మొదలుపెడతారు. ఆ కోపం సాయంత్రం దాకా ఉంటుంది, మర్నాడు వేరే కాగితం దగ్గర మళ్ళీ లేస్తుంది. మొదటాయన ముక్కోపి. రెండో ఆయన కోపిష్టి, కానీ ముక్కోపి అనలేం.

ముక్కోపి అనగానే ఇప్పుడు అందరికీ స్ఫురించేది ‘ముక్కు మీద కోపం’ అన్న నుడికారం. ముక్కు మీద ఉన్నది రావడానికి దూరం ప్రయాణించనక్కర్లేదు కదా. పొరుగు భాషలను చూస్తే మరో దృశ్యం కనిపిస్తుంది. కన్నడంలో ఇలాంటి మనిషిని ముంగోపి అంటారు, తమిళంలో మున్‌కోపి. వాటిలో ముక్కు లేదు, ‘ముందు’ ఉంది. ఆలోచనకన్నా ముందే వచ్చే కోపం అన్నమాట. మూడు భాషలూ ఆ మనిషిని చూసినది ఒకే కోణం నుంచి: కోపం మరీ అందుబాటులో ఉన్న మనిషి.

‘దుర్వాసుడు’ అన్నది ఇదే వరసలో మన పురాణాల నుంచి వచ్చిన మాట. ‘అబ్బో, ఆయన దుర్వాసుడు’ అంటే ఇక వివరణ అక్కర్లేదు. తన రాకను గమనించలేదని శకుంతలను శపించిన ముని కనుక, ఈ పేరులో వేగమూ ఉంది, బరువూ ఉంది. అందుకే ఇది చిన్నపిల్లల మీదకన్నా పెద్దవారి మీదే ఎక్కువగా వాడతాం.

ట రాయాలా, ఠ రాయాలా?

కోపిష్టి, కోపిష్ఠి రెండూ అచ్చులో కనిపిస్తాయి. ఒత్తు పెట్టేవారు కనిష్ఠ, గరిష్ఠ, పాపిష్ఠ వంటి సంస్కృత పదాలను చూపిస్తారు, వాటిలో ‘ఇష్ఠ’ అంటే ‘అన్నిటికన్నా ఎక్కువ’ అని. ఒత్తు తీసేసేవారు ఈ మాట తెలుగు నోట నలిగి తెలుగైపోయిందంటారు. పలుకుబడిలో ఆ ఒత్తు ఎటూ వినపడదు. అర్థంలోనూ కోపిష్టి అంటే ‘అందరికన్నా కోపం ఎక్కువ’ అని ఇప్పుడు ఎవరూ అనుకోరు. ఈ వ్యాసంలో నేను ట రాస్తున్నాను. ఠ రాస్తే తప్పు పట్టవలసిన పని లేదు.

కసిరిన మనిషి, కసిరే మనిషి

విశేషణం కావాలంటే నామవాచకం దగ్గరకే పోనక్కర్లేదు. తెలుగు తన బలమంతా క్రియల్లో దాచుకున్న భాష. ‘నిన్న కసిరిన అధికారి’ అంటే ఒక్కసారి జరిగిన సంగతి. ‘ఎప్పుడూ కసిరే అధికారి’ అంటే ఆయన స్వభావం. కసిరిన, కసిరే. ఒక్క ప్రత్యయం మారగానే సంఘటన కాస్తా అలవాటైపోయింది. వ్యాకరణంలో ఆ రెండో రూపానికి తద్ధర్మ విశేషణం అని పేరు. ధర్మం అంటే ఇక్కడ స్వభావం. కోపిష్టి అన్న ముద్ర వేయకుండానే స్వభావాన్ని చెప్పడానికి ఇది ఎంతో నాజూకైన మార్గం: ఊరికే విసుక్కునే తాతయ్య, మాటకు ముందు కస్సుమనే అక్కయ్య, చీటికీ మాటికీ అలిగే తమ్ముడు.

ఈ క్రియల్లో ధ్వనిని అనుకరించేవి ఎన్నో. అవి ఒకదాని బదులు ఒకటి పెట్టే మాటలు కావు. ధుమధుమలాడేది ముఖం, నోరు అప్పటికింకా మూసే ఉంటుంది. రుసరుసలాడేవాళ్ళు కదులుతూ ఉంటారు, ‘రుసరుసలాడుతూ లోపలికి వెళ్ళిపోయింది’ అంటాం. చిర్రుబుర్రులాడటానికి ఎదుట ఎవరైనా ఉండాలి, చిన్నచిన్న మాటల్లో కోపం చిమ్ముతుంది. చిటపటలాడటం నిప్పురవ్వల చప్పుడు. కస్సుమనడం, బుస్సుమనడం ఒక్క క్షణం పని. ఇక ‘గుర్రుగా ఉన్నారు’ అంటే మాట లేదు, అరుపు లేదు, కానీ రోజుల తరబడి నడుస్తోందని. ‘మేనమామ మన మీద గుర్రుగా ఉన్నాడు’ అన్న వాక్యాన్ని ‘కోపంగా ఉన్నాడు’ అని మారిస్తే ఆ రోజులన్నీ ఎగిరిపోతాయి.

కోప్పడటానికి కోపం అక్కర్లేదు

నేర్చుకునేవారిని ఎక్కువగా తికమకపెట్టేది ‘కోప్పడు’ అన్న క్రియ. చూడగానే ‘కోపం వచ్చు’కు మరో రూపం అనిపిస్తుంది. వాడుకలో దానికి మందలించడం అన్న అర్థం స్థిరపడింది. ‘అమ్మ నన్ను కోప్పడింది’ అంటే అమ్మ నన్ను తిట్టింది, మందలించింది అని. అమ్మకు ఆ సమయంలో నిజంగా కోపం ఉందో లేదో ఆ వాక్యం చెప్పదు. ‘పిల్లవాడు ఎండలో తిరుగుతుంటే నవ్వాపుకుంటూనే కోప్పడింది’ అనవచ్చు, అందులో వైరుధ్యం లేదు. తలకిందులుగానూ చెప్పవచ్చు: ‘నాన్నకు చాలా కోపం వచ్చింది, కానీ ఎవరినీ కోప్పడలేదు.’ అంటే కోపాన్ని దిగమింగుకున్నారు.

కోప్పడటంలో చనువు కూడా ఉంది. పెద్దలు చిన్నవారిని, దగ్గరివారు దగ్గరివారిని కోప్పడతారు. దారిన పోయే అపరిచితుడు మనల్ని కోప్పడడు, మన మీద అరుస్తాడు లేదా విరుచుకుపడతాడు. ‘కోప్పడనంటే ఒక మాట చెబుతాను’ అని మొదలుపెట్టే మనిషి ఎంత దగ్గరివాడో ఆ మాటలోనే ఉంది.

కోపానికి దిక్కు కూడా ఉంటుంది, ఆ దిక్కును ‘మీద’ చూపిస్తుంది. నా మీద కోపం, వాళ్ళ మీద కోపం. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు అన్న సామెతలో ఆ ‘మీద’ రెండుసార్లు వస్తుంది. కోపం పుట్టిన చోటు ఒకటి, పడిన చోటు ఒకటి. కోపిష్టి అన్న మాటకు ఈ దిక్కు లేదు. ‘నా మీద కోపిష్టి’ అనలేం. అది ఎవరి మీదా కాని కోపం, అందరి మీదా పడగల కోపం.

పక్కింటి మాటలు: రోషం, ఉక్రోషం, ఉడుకుమోతు, ఆగ్రహం

రోషం ఉన్న మనిషి కోపిష్టి కానక్కర్లేదు. తన గౌరవానికి దెబ్బ తగిలితే ఊరుకోనివాడు అతడు. ‘నీకు రోషం లేదా?’ అన్న ప్రశ్నలో రోషం ఉండవలసిన గుణంగా కనిపిస్తుంది, ‘నీకు కోపం లేదా?’ అని అలా ఎవరూ రెచ్చగొట్టరు. ఉక్రోషం దానికి దగ్గరి చుట్టమే కానీ దాని వెనక నిస్సహాయత ఉంది. ఏమీ చేయలేని స్థితిలో వచ్చే కోపం, తరచు కంటినీరు వెంటబెట్టుకుని వస్తుంది.

ఉడుకుమోతు సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఉడుకు అంటే వేడి. ఉడికించడం అంటే నీళ్ళలో వేసి మరిగించడం, ఎవరినైనా ఆటపట్టించడం కూడా. ఆటపట్టిస్తే తట్టుకోలేక ఉడుక్కునేవాడు ఉడుకుమోతు. పిల్లల ఆటల్లో ఓడినవాడు మూతి ముడుచుకుని కూర్చుంటే మిగతావాళ్ళు అనే మాట ఇది. ఇందులో కోపంకన్నా చిన్నబుచ్చుకోవడం ఎక్కువ. అందుకే పెద్ద పదవిలో ఉన్న మనిషిని కోపిష్టి అంటే ఆయన భరించగలడేమో, ఉడుకుమోతు అంటే భరించలేడు. మొదటి మాట ఆయనను భయపెట్టేవాడిగా చూపిస్తుంది, రెండోది చిన్నపిల్లవాణ్ణి చేస్తుంది.

ఆగ్రహం వార్తల భాష. ‘ఆగ్రహం వ్యక్తం చేశారు’ అన్న మాట పత్రికల్లో కనిపించని రోజు ఉండదు, ఇంట్లో మాత్రం ఎవరూ ‘అమ్మ ఆగ్రహం వ్యక్తం చేసింది’ అనరు. ఈ మాటలో మరో చిక్కు ఉంది. హిందీలో ఇదే మాటకు పట్టుబట్టడం, గట్టిగా కోరడం అని అర్థం. సత్యాగ్రహంలో ఉన్నది ఆ అర్థమే: సత్యాన్ని పట్టుకుని వదలకపోవడం. గాంధీజీ దక్షిణాఫ్రికాలో ఉన్న రోజుల్లో పుట్టిన ఆ మాటలో ‘ఆగ్రహం’ ఉంది కదా అని తెలుగు అర్థంతో చదివితే, కోపానికి తావివ్వని ఉద్యమం పేరు కాస్తా కోపంగా మారిపోతుంది. హిందీ నుంచి తెలుగులోకి వచ్చే అనువాదాల్లో ఒక విన్నపం ఆగ్రహంగా మారే ప్రమాదం కూడా ఇక్కడే ఉంది.

‘కొంచెం కోపం ఎక్కువ గానీ...’

కోపిష్టి అన్న మాటను మనిషి ముఖం మీద అనడం అరుదు. ‘మీరు కోపిష్టులు’ అనే బదులు ‘మీకు కొంచెం కోపం ఎక్కువ’ అంటాం. కొంచెం, ఎక్కువ అనే రెండు మాటలు ఒకే వాక్యంలో పక్కపక్కనే నిలబడి గొడవపడకపోవడం తెలుగు మర్యాదలోని అందం. ఇలా అనడంలో సూక్ష్మమైన తేడా ఉంది. ‘కోపిష్టి’ మనిషి మొత్తానికి పెట్టిన పేరు. ‘కోపం ఎక్కువ’ అంటే ఆ మనిషిలో ఉన్న అనేక విషయాల్లో ఒకదాని కొలత. అందుకే పిల్లల విషయంలో కొందరు మొదటి మాటను పూర్తిగా వద్దంటారు, పదేపదే కోపిష్టి అని పిలిస్తే పిల్లవాడు ఆ పేరుకు తగ్గట్టే తయారవుతాడని. స్వభావాన్ని ఉన్నది ఉన్నట్టు చెప్పకుండా ‘ఇవాళ కోపం వచ్చింది’, ‘నిన్న కోపం వచ్చింది’ అని ఏ రోజుకారోజు సర్దుకుపోతే, ఆ కోపాన్ని రోజూ భరించేవారికి అన్యాయం జరుగుతుందని మరికొందరి వాదన. దెబ్బలు తినే ఇంట్లో ‘ఆయనకు కోపం వచ్చింది’ అన్న వాక్యం నిజంగానే చాలా దాచిపెడుతుంది. వచ్చింది కోపం, చేసింది ఎవరూ కాదు అన్నట్టు ఉంటుంది.

ఆ దాచిపెట్టడంలో ఆడ, మగ తేడా ఒకటి ఉంది. మగవాణ్ణి కోపిష్టి అన్న వెంటనే చాలాసార్లు ఒక ‘గానీ’ వస్తుంది: ‘కోపిష్టే గానీ మనసు వెన్న’. అదే తీరులో మాట్లాడే స్త్రీకి తగిలించడానికి భాషలో గయ్యాళి అనే ప్రత్యేకమైన మాట ఉంది. దానికి పురుషరూపం లేదు, దాని తరవాత ‘గానీ’ రావడమూ అరుదే. సినిమాల్లో గయ్యాళి అత్త వేషాలకు పేరుపడిన సూర్యకాంతం పేరే ఆ మాటకు పర్యాయపదంగా వాడుకలోకి వెళ్ళిపోయింది, తమ ఆడపిల్లకు ఆ పేరు పెట్టడానికి జంకేవారు. తెలుగులో అందరికీ సమానంగా సరిపోయే ‘కోపిష్టి’ ఉండగా, ఆడవారి కోపానికి వేరే మాట వెతుక్కోవలసిన అవసరం వ్యాకరణానిది కాదు. వదిన కోపిష్టి అంటే చాలు. ‘గానీ’ ఆమెకూ చెందుతుంది.

మొదట్లో చెప్పుకున్న సందేశానికి బాబాయి జవాబు రాయాలి కదా. తప్పు దిద్దుతూ పాఠం చెప్పనక్కర్లేదు. ‘అవునా తల్లీ, నాన్నకు ఇవాళ ఎందుకు కోపం వచ్చింది?’ అని అడిగితే అమ్మాయి చెప్పాలనుకున్న వాక్యం ఆ ప్రశ్నలోనే ఆమెకు దొరుకుతుంది.